గిట్టుబాటు

ముందు ఒక ప్రశ్న. పోటీ పరీక్షల్లో వచ్చే బాపతే గాని, కట్టింది నేనే.

‘ఒక దేశంలో అయిదేళ్లలో బట్టల మిల్లు కార్మికుల కూలి 30 శాతం పెరిగింది. ఇక తమ బట్ట విదేశీ మార్కెట్లో నిలవదని మిల్లుల యజమానులు బెంగపడ్డారు. తీరా చూస్తే ఆ అయిదేళ్లలోనే వాళ్ల బట్ట పరాయి దేశాల్లో మునుపటికన్నా చవగ్గా దొరికింది, ఎగుమతులూ పెరిగాయి. కింది వాటిలో ఏది నిజమైతే ఈ రెంటికీ పొంతన కుదురుతుంది?’

నాలుగు ఆప్షన్లు. ఒకటి: ఆ దేశ ప్రభుత్వం కనీస వేతనాల చట్టాన్ని గట్టిగా అమలు చేసింది. రెండు: పోటీ దేశాల మిల్లుల్లో కూలి 10 శాతమే పెరిగింది. మూడు: గంటకు ఒక్కో కార్మికుడు తీసే బట్ట 60 శాతం పెరిగింది. నాలుగు: ఆ దేశంలో జనం బట్టలు కొనడం పెరిగింది.

చాలామంది వేలు రెండోదాని మీద వాలుతుంది. అందులో పోటీ ఉంది, కూలి ఉంది, శాతం ఉంది. ప్రశ్న పోలికలన్నీ దానికే ఉన్నాయి. కాని పోటీవాడి కూలి తక్కువ పెరిగితే వాడి బట్టే చవక కావాలి కదా! చిక్కు విడకపోగా ఇంకో ముడి పడుతుంది. జవాబు మూడోది. కూలి 100 నుంచి 130కి వెళ్లింది, బట్ట 100 నుంచి 160కి వెళ్లింది. 130ని 160తో భాగించండి. ఇదివరకు మీటరుకు రూపాయి పడే కూలి ఇప్పుడు 81 పైసలే పడుతోంది.

కూలి, ఉత్పాదకత, విదేశీ వ్యాపారం. ఈ మూడూ కలిసిన ప్యాసేజీ జీఆర్‌ఈలో, జీమ్యాట్‌లో, క్యాట్‌లో, సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరైన సీశాట్‌లో ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు. సీశాట్ 2011లో వచ్చింది. 2015 నుంచి అందులో 33 శాతం తెచ్చుకుంటే చాలన్నారు. అయినా తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత ఉంది కాబట్టి, ‘గట్టెక్కితే చాలు’ అన్న పేపరే ఎంతోమందిని గట్టెక్కనివ్వడం లేదు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లోనూ చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కలా ఈ సంగతి కదిపితే ఒకటే మాట వినిపిస్తుంది: ‘మనది తెలుగు మీడియం, ఇంగ్లీషు ప్యాసేజీ అంటేనే దెబ్బ.’ నాకు మాత్రం ఇంగ్లీషు మీద అంత అనుమానం లేదు. ఈ ప్రశ్నల్లో దెబ్బ కొట్టేది రెండు వేరువేరు సంగతుల్ని ఒకటిగా చదవడం. ఆ రెంటినీ విడదీసే మాట మన ఇళ్లల్లోనే ఉంది. పొలం నుంచి వచ్చిన నాన్న చెప్పులు విప్పుతూ ‘ఈ ఏడు గిట్టలేదురా’ అంటాడే, ఆ మాట.

గిట్టు దగ్గరికి పోయేముందు ‘పడు’ దగ్గర కాసేపు ఆగాలి. మిరపకాయలు కొనుక్కొచ్చినవాణ్ణి మనం రెండు ప్రశ్నలు అడుగుతాం. ‘ఎంత ఇచ్చావు?’ అన్నది మొదటిది. ‘కిలో ఎంత పడింది?’ అన్నది రెండోది. మొదటిదానికి జవాబు జేబులో ఉంటుంది, రెండోదానికి జవాబు లెక్క వేస్తేగాని రాదు. ఆటో కిరాయి, తరుగు, పుచ్చులు అన్నీ కలుపుకుని, చేతికొచ్చిన సరుకుతో భాగిస్తే తేలేది ‘పడింది’. అర్థశాస్త్రం వేతన రేటు అనేదానికీ యూనిట్ శ్రమ వ్యయం అనేదానికీ మధ్య ఉన్న తేడా అంతా ఈ రెండు క్రియల మధ్య ఉంది. ఇచ్చింది కూలి. పడింది ఖర్చు. పరీక్ష రాసేవాడు ‘ఎంత ఇచ్చారు’ అన్న వాక్యాన్ని చదివి, ‘ఎంత పడింది’ అన్న ప్రశ్నకు దాన్నే జవాబుగా పెట్టి వస్తాడు.

నాట్ల రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ గట్టు మీదైనా ఈ బేరం వినవచ్చు. ముఠా పెద్ద బురదలోంచి పైకొచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటుంది.

‘రోజుకి మనిషికి ఎంత ఇమ్మంటావమ్మా?’

‘రోజు లెక్క మాకు గిట్టదండీ. ఎకరం లెక్కయితే చెప్పండి, రేపు పొద్దున్నే దిగిపోతాం.’

అంకెలు మన సౌకర్యానికి వేసుకుందాం. రోజు కూలి లెక్కన 12 మంది దిగితే ఎకరం నాటు ఒక రోజులో పూర్తవుతుంది. మనిషికి 450 చొప్పున రైతుకు 5,400 పడుతుంది. గుత్తకు ఇస్తే ఎకరానికి 4,800. గుత్త కాబట్టి ముఠా 12 మందితో రాదు, చెయ్యి తిరిగిన ఎనిమిది మందే దిగి అదే రోజులో ముగిస్తారు. మనిషికి 600 వస్తుంది. కూలి 150 పెరిగింది, ఎకరానికి పడే ఖర్చు 600 తగ్గింది. పైన బట్టల మిల్లు ప్రశ్న మోకాలి లోతు బురదలో జరిగితే ఇలా ఉంటుంది. ఆ ఎనిమిది మంది తెల్లారకముందే దిగి, నడుమెత్తకుండా నాటారని రైతు లెక్కలో ఉండదు. మిగిలిన నలుగురూ ఆ రోజు ఎక్కడికి పోయారో కూడా ఉండదు. ప్యాసేజీల్లో అయితే ఆ సంగతి ఆఖరి వాక్యంలో ‘అయినప్పటికీ’ అన్న మాట వెనక ఉంటుంది. ఆఖరి ప్రశ్న దాని మీదే వస్తుంది, అప్పటికి చదివేవాడికి టైం ఉండదు.

మనకు ప్రతిఫలానికి ఉన్న మాటలు కూడా దేన్ని బట్టి ఇస్తున్నామో చెప్పే మాటలే. జీతం ‘జీవితం’ నుంచి వచ్చిందంటారు. బతకడానికి ఇచ్చేది, నెలకో ఏడాదికో. కూలి రోజుకు. మగ్గం మీద మజూరీ చీరకు. బీడీలు చుట్టే చేతికి వెయ్యి బీడీలకు ఇంతని. గుత్త పని మొత్తానికి. పాఠ్యపుస్తకం వీటన్నిటినీ తీసుకుపోయి ‘వేతనం’ కింద కలిపేసింది. సౌకర్యమే, కాదనను. కాని రోజుకిచ్చేదీ చీరకిచ్చేదీ ఒకే పేరుతో వచ్చాక, ప్యాసేజీలో ‘వేజ్’, ‘లేబర్ కాస్ట్’, ‘యూనిట్ లేబర్ కాస్ట్’ పక్కపక్కనే కనబడితే మూడూ ఒకటే అనిపించడంలో వింతేముంది?

ఇక గిట్టు. తమిళంలో ‘కిట్ట’ అంటే దగ్గర. ‘కిట్టుం’ అంటే దొరుకుతుంది. మలయాళంలో ‘కిట్టి’ అంటే దొరికింది, కేరళలో ఒక పూట తిరిగినా చెవిన పడే మాట. కన్నడంలో ‘గిట్టు’ అంటే లభించడం, ‘గిట్టిసు’ అంటే సంపాదించడం. అన్నదమ్ముల్లాంటి ఈ మాటల్ని వరసగా నిలబెడితే అర్థం నడిచిన దారి కనిపిస్తుంది. దగ్గరికి రావడం, అందడం, చేతికి దొరకడం. తెలుగు ఇంకో అడుగు ముందుకేసింది. ఉత్తినే దొరికితే గిట్టినట్టు కాదు, పెట్టినదానికి మించి దొరకాలి. మనుషుల విషయంలోనూ ఇదే మాట వాడతాం. ‘వాళ్లిద్దరికీ గిట్టదు’ అంటే ఒకరినొకరు దగ్గరికి రానివ్వరని. ఏ నాయకుడైనా ‘ఇదంతా గిట్టనివాళ్ల ప్రచారం’ అనే అంటాడు. చావుకు వాడే గిట్టు ఒకటుంది, పుట్టుటకు జంట. దానితో మనకు ఇక్కడ పని లేదు.

గిట్టుకు ‘పాటు’ చేరి గిట్టుబాటు అయింది. దిద్దుబాటు, సర్దుబాటు, కట్టుబాటు, తిరుగుబాటు లాంటిదే. చెడు నుంచి చేటు వచ్చినట్టు పడు నుంచి పాటు వచ్చింది. అంటే ‘కిలో ఎంత పడింది’లో ఉన్న పడు, ‘పాటుపడటం’లో ఉన్న పాటు, గిట్టుబాటు చివర ఉన్న బాటు ఒకే ఇంటివి. వ్యాకరణం దాన్ని ఉత్త ప్రత్యయం అంటుంది, అనుకోనివ్వండి. పడిన పాటుకు చేతికందినదెంత అన్న ప్రశ్నను ఒక్క మాటలో పెట్టమంటే ఇంతకన్నా బాగా పెట్టలేం.

ఇంకో రూపం కూడా ఉంది: కిట్టించడం. లెక్కల పుస్తకం వెనక జవాబు చూసి, అది వచ్చేలా మధ్యలో మెట్లు అల్లడాన్ని లెక్క కిట్టించడం అంటాం. బళ్లో చదివిన ప్రతివాడికీ తెలిసిన విద్య. జవాబు దగ్గరికి లెక్కను లాక్కురావడం కాబట్టి మూలార్థానికి దగ్గరగానే ఉంది. ప్యాసేజీ ప్రశ్నల్లో పోయే మార్కుల్లో సగం ఈ విద్య వల్లే పోతాయని నా లెక్క. రెండో ఆప్షన్ ఎంచుకున్నవాణ్ణి ఎందుకని అడగండి. ‘పోటీ దేశాల్లో కూలి పెద్దగా పెంచలేదు కదండీ, అక్కడి కార్మికులు అలిగి సరిగ్గా పనిచేసి ఉండరు, బట్ట నాణ్యత పడిపోయి ఉంటుంది’ అంటాడు. అలిగారని ప్యాసేజీలో లేదు. నాణ్యత మాటే లేదు. ఆప్షన్ నచ్చింది, దాన్ని కిట్టించడానికి ఒక చిన్న నవల రాశాడు. సరైన ఆప్షన్‌కు నవల అక్కర్లేదు, ప్యాసేజీలో ఉన్న వాక్యాలతోనే నడిచిపోతుంది. ఏ ఆప్షన్‌కు మనం సొంతంగా ఎన్ని వాక్యాలు కలపాల్సి వస్తోందో చూసుకుంటే, పీకెయ్యాల్సినవి వాటంతట అవే పోతాయి.

దేశాల మధ్య వ్యాపారం ప్యాసేజీలోకి వచ్చిందంటే ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో వచ్చినట్టే, పేరు చెప్పినా చెప్పకపోయినా. 1817లో అచ్చయిన ఆయన పుస్తకం ఏడో అధ్యాయంలో ఇంగ్లండ్, పోర్చుగల్, బట్ట, ద్రాక్షసారా వస్తాయి. గాల్లోంచి తీసిన ఉదాహరణ కాదు. 1703లో కుదిరిన మెథ్యూన్ ఒప్పందం నాటి నుంచి ఇంగ్లిషు ఉన్ని బట్టా పోర్చుగీసు సారాయీ ఓడల్లో ఎదురెదురుగా తిరుగుతున్నాయి. రికార్డో పూర్వీకులు కూడా పోర్చుగీసు యూదులే. ఆయన వేసిన అంకెలు ఇవి: ఏడాదికి కావలసిన బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది కావాలి, సారా తీయడానికి 120 మంది. పోర్చుగల్‌లో బట్టకు 90 మంది, సారాకు 80 మంది చాలు. పోర్చుగల్‌వాళ్లు రెండు పనుల్లోనూ గట్టివాళ్లే. మరి ఇంగ్లండ్ దగ్గర బట్ట ఎందుకు కొనాలి?

ఇక్కడ పరీక్ష రాసేవాడు ‘చేతనవును’ అన్నదాన్ని ‘గిట్టుతుంది’ అని చదువుతాడు. పోర్చుగల్‌కు బట్ట నేయడం చేతనవును, ఇంగ్లండ్ కన్నా బాగా చేతనవును. కాని గిట్టదు. ఆ 90 మందినీ బట్ట మీద పెడితే, వాళ్లు తీయగలిగిన సారా పోతుంది. 80 మందితో ఒక పాలు సారా వస్తుంటే 90 మందితో ఒక పాలూ ఇంకో ఎనిమిదో వంతూ వచ్చేది. ఇంగ్లండ్‌లో బట్ట నేసే 100 మందిని సారాకు మళ్లిస్తే ఆరింట అయిదు వంతులే వస్తుంది, కాబట్టి వాళ్లు వదులుకునేది తక్కువ. ఇంగ్లండ్ బట్ట మీదే ఉండి రెండు దేశాలకూ నేస్తే 200 మంది చాలు, ఇదివరకటి 220 అక్కర్లేదు. పోర్చుగల్‌కు 170 బదులు 160 చాలు. పుస్తకాల్లో దీన్ని తులనాత్మక వ్యయ సిద్ధాంతం అంటారు. పేరు గంభీరంగా ఉంది. ఇందులో ఉన్న మెలిక మాత్రం బ్యాంకుకు పోయి పాస్‌బుక్ రాయించుకురమ్మంటే ‘ఒక పూట కూలి పోతుందమ్మా’ అనే పనిమనిషికి పుట్టుకతో తెలుసు. బ్యాంకులో ఒక్క పైసా పుచ్చుకోరు, అయినా ఆమెకు ఖర్చు పడింది. పాఠ్యపుస్తకంలో అవకాశ వ్యయం పేరుతో ఉన్నది ఆ పోయిన పూట కూలే.

రికార్డో అంకెల్లో కూలి మాట లేదు. మనమే వేసుకుని చూద్దాం, ప్యాసేజీలు రాసేవాళ్లకు ఈ మూల చాలా ఇష్టం. రెండు చోట్లా ఒకే నాణెం చెల్లుతుందనీ ఇంగ్లండ్‌లో మనిషి కూలి 100 అనీ అనుకుందాం. పోర్చుగల్‌లో ఎంత ఉండొచ్చు? 111 దాటకపోతే బట్ట కూడా పోర్చుగల్‌లోనే చవగ్గా పడుతుంది, ఇంగ్లండ్ దగ్గర కొనేదేమీ ఉండదు. 150 దాటితే సారా కూడా ఇంగ్లండ్‌లోనే చవక. 111కూ 150కీ మధ్య ఎక్కడున్నా రెండు దేశాలకూ వ్యాపారం సాగుతుంది. ఇప్పుడు ప్యాసేజీల్లో పదేపదే కనబడే రెండు ఫిర్యాదులు చూడండి. ‘వాళ్ల కూలి తక్కువ కాబట్టి మనం పోటీపడలేం’ అని కూలి ఎక్కువున్న దేశం అంటుంది. ‘వాళ్ల పనితనం ఎక్కువ కాబట్టి మనం పోటీపడలేం’ అని కూలి తక్కువున్న దేశం అంటుంది. రెండూ ఒక అర్ధభాగమే చూసి అన్న మాటలు. కూలి తక్కువుండటమూ పని తక్కువ తేలటమూ తరచు ఒకే దేశంలో కలిసే ఉంటాయి. ఈ రెంటిలో ఒకదాన్నే ఎత్తుకున్న ఆప్షన్ తప్పయ్యే అవకాశం ఎక్కువ.

నిజంగా అలా కలిసే ఉంటాయా అంటే, గ్రెగరీ క్లార్క్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1987లో రాసిన వ్యాసం ఉంది. 1910 ప్రాంతంలో న్యూ ఇంగ్లండ్ నూలు మిల్లులో ఒక కార్మికుడు చేసే పని ఇంగ్లండ్‌లో ఒకటిన్నర మంది, జర్మనీలో 2.3 మంది, గ్రీసు, జపాన్, ఇండియా, చైనాల్లో దాదాపు ఆరుగురు చేసేవాళ్లని ఆయన తేల్చాడు. ఇది ఎందుకన్న దానిపై చరిత్రకారుల వాదులాట తెగలేదు. ఒక మనిషికి ఎన్ని మగ్గాలు అప్పగిస్తారన్న దగ్గరే పెద్ద తేడా వస్తుంది. మగ్గాలు తక్కువ అప్పగించింది యజమానా, ఒప్పుకోనిది కార్మికుడా, కూలి చవక కాబట్టి ఇంకొకణ్ణి పెట్టుకోవడమే యజమానికి గిట్టిందా అన్నది ప్రశ్న. ‘ఉత్పాదకత తక్కువ’ అన్న మాట తెలుగులో వినగానే ‘బద్ధకస్తులు’ అన్నట్టు వినిపిస్తుంది. ప్యాసేజీలో అలా అని ఉండదు. ఉత్పాదకత అంటే గంటకు తేలిన సరుకు, అంతే. అందులో మనిషి చెమట ఉంది, మర ఉంది, కరెంటు ఉంది, మేనేజరు తెలివి ఉంది. ‘అక్కడి కార్మికులు కష్టపడరు’ అన్న ఆప్షన్ కనబడిందా, అది చదివేవాడి మనసులో ముందే ఉన్న మాటకు వేసిన ఎర.

దీనికి ఎదురు కథ డెట్రాయిట్‌లో జరిగింది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజుకు అయిదు డాలర్ల కూలి ప్రకటించాడు, అంతకుముందు ఇచ్చేదానికి రెట్టింపు పైమాటే. ముందటేడు ఆ ఫ్యాక్టరీలో మనుషులు ఎంత వేగంగా మానేసి పోయారంటే, ఉన్న పోస్టులకు మూడున్నర రెట్లకు పైగా కొత్తవాళ్లను చేర్చుకోవాల్సి వచ్చింది. ప్రతి కొత్తవాడికీ పని నేర్పాలి. అయిదు డాలర్లతో ఆ వరద ఆగింది. ఖర్చు తగ్గించుకోవడానికి తాము చేసిన మంచి పనుల్లో ఇదొకటని ఫోర్డ్ తర్వాత రాసుకున్నాడు. ఇచ్చింది పెరిగింది, పడింది తగ్గింది. దాతృత్వం అని మెచ్చుకునే ఆప్షన్ ఒకటి ఇలాంటి ప్యాసేజీ కింద తప్పకుండా ఉంటుంది.

సగటు అన్న మాట దగ్గర ఇంకో గొయ్యి ఉంది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో సగటు గంట వేతనం ఒక్క నెలలో నాలుగు శాతానికి మించి పెరిగింది. అదే నెలలో రెండు కోట్లకు పైగా ఉద్యోగాలు పోయాయి. జీతాలు పెంచినందువల్ల కాదు. హోటళ్లలో, దుకాణాల్లో తక్కువ కూలికి చేసేవాళ్లు ముందుగా లెక్కలోంచి జారిపోయారు, మిగిలినవాళ్ల సగటు పైకి తేలింది. ఇందాక గట్టు మీద మనం వదిలేసిన నలుగురు ఆడవాళ్ల సంగతే ఇది, దేశమంత సైజులో. సగటు ఉత్పాదకతకూ ఇదే జరుగుతుంది. ఉత్పాదకత తక్కువున్న చిన్న మిల్లులు మూతపడితే మొత్తం పరిశ్రమ సగటు పెరుగుతుంది, ఒక్క మగ్గం వేగమూ పెరగకుండానే. అంచేత ‘సగటు పెరిగింది’ అని ప్యాసేజీ అంటే, ‘ప్రతివాడికీ పెరిగింది’ అన్న ఆప్షన్‌ను కళ్లు మూసుకుని కొట్టెయ్యండి.

మన తీరం కూడా ఈ వాదంలో ఉంది. 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది కోరమాండల్ బట్ట కోసమే. ఆ బట్టల దెబ్బకు ఇంగ్లండ్ నేతగాళ్లు గగ్గోలు పెడితే, పార్లమెంటు 1700లోనూ 1721లోనూ కాలికో చట్టాలు తెచ్చి వాటిని అడ్డుకుంది. ఇండియా నేతగాడు అగ్గువ కూలికి చేస్తాడు, అందుకే బట్ట చవక అన్నది అప్పటి నుంచి చెప్పుకుంటున్న కారణం. 1998లో చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి దీన్ని తిరగేశాడు. వెండి నాణేల్లో చూస్తే దక్షిణాది నేతగాడి కూలి తక్కువే. ఆ నాణేలతో ఎంత తిండిగింజ వస్తుందో చూస్తే బ్రిటిషు నేతగాడికి అతడు తీసిపోడు, ఎందుకంటే ఇక్కడి భూమి బాగా పండి గింజ చవగ్గా ఉండేది. తర్వాత వచ్చిన స్టీఫెన్ బ్రాడ్‌బెరీ, బిష్ణుప్రియ గుప్తాలు ఆ పోలికతో పూర్తిగా ఏకీభవించలేదు. ఎవరు నెగ్గారన్నది అలా ఉంచి, వాళ్లు దేని మీద పోట్లాడుకుంటున్నారో చూడండి: ద్రవ్య వేతనమా, నిజ వేతనమా. కూలి గింజల్లో కొలిచే అలవాటున్న ఊళ్లలో, వడ్ల కూలీ డబ్బు కూలీ రెండూ చూసిన ముసలమ్మకు ఈ తేడా విప్పి చెప్పనక్కర్లేదు. ప్యాసేజీలో ‘నిజ’ అన్న రెండక్షరాలు దాటేసి చదివే పిల్లాడికే చెప్పాలి.

డాలస్‌లో ఉన్న మన కుర్రాడు క్షవరానికి ఇచ్చిన డబ్బులు రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవడం కూడా ఇందులో భాగమే. అక్కడి మంగలికీ అమీర్‌పేట మంగలికీ తలకు అరగంటే పడుతుంది, పనితనంలో తేడా లేదు. కాని డాలస్‌లో మంగలి పని మానేస్తే చేరడానికి ఇంకా ఎక్కువిచ్చే పనులున్నాయి, కాబట్టి అతణ్ణి కుర్చీ పక్కన నిలబెట్టాలంటే అంత ఇవ్వాలి. క్షవరాన్ని ఓడలో వేసి పంపలేం కాబట్టి అమీర్‌పేట చవక డాలస్‌కు చేరదు. ఆర్థికవేత్తలు బలాసా, సామ్యూల్‌సన్ 1964లో విడివిడిగా చెప్పిన సంగతి ఇదే.

గిట్టుబాటు అనగానే మనకు ముందు తట్టేది మాత్రం ధర. గిట్టుబాటు ధర కావాలని ధర్నాలు, కనీస మద్దతు ధర ప్రకటించామని ప్రభుత్వాలు. రెండూ ఒకటి కావు. స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చుకు సగం కలిపి ఇమ్మంది. 2018 నుంచి అలాగే ఇస్తున్నామని కేంద్రం అంటోంది. ఎవరి మాట నిజం? ఏ ఖర్చు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ లెక్కల్లో ఏ2 అంటే విత్తనం, ఎరువు, కూలీలు, కౌలు లాంటివాటికి రైతు చేతినుంచి పోయింది. దానికి ఎఫ్‌ఎల్ కలిపితే ఇంటిల్లిపాదీ పొలంలో చేసిన చాకిరీకి కట్టిన కూలి కూడా చేరుతుంది. సీ2 అంటే సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వేసుకున్నది. ప్రభుత్వం ఏ2, ఎఫ్‌ఎల్ కలిపిన మొత్తానికి సగం కలిపి ఇస్తోంది. రైతు సంఘాలు సీ2 మీద అడుగుతున్నాయి. ‘ఖర్చుకు ఒకటిన్నర రెట్లు’ అన్న ఒకే వాక్యం రెండు నోళ్లలో రెండు అంకెలు. రైతు చేసుకునే లెక్క ఇంకా వేరు. ఇంట్లోవాళ్ల చాకిరీకి కూలి కట్టుకుంటే ఏ ఏడూ గిట్టదని తెలిసే, దాన్ని కట్టకుండా వదిలేస్తాడు. అలా వదిలేస్తేనే ‘ఏదో గిట్టింది’ అనగలుగుతాడు.

గిట్టు క్రియకు ఒక పట్టుదల ఉంది, ఎవరికి అన్నది చెప్పకుండా కదలదు. రైతుకు గిట్టలేదు, మిల్లుకు గిట్టింది, మాకు గిట్టదండీ. ‘కు’ లేకపోయినా అది మనసులో ఉంటుంది. ప్యాసేజీల భాషకు ఆ పట్టుదల లేదు. ‘వ్యాపారం లాభదాయకం’, ‘సంస్కరణ ప్రయోజనకరం’ అని ఎవరికో చెప్పకుండా ఎన్ని వాక్యాలైనా రాయొచ్చు. రికార్డో లెక్కలో ఇంగ్లండ్‌కు 20 మంది శ్రమ మిగిలింది. ఆ మిగిలినవాళ్లు మగ్గం ఎక్కారా, రోడ్డున పడ్డారా అన్నది ఆ లెక్కలో లేదు. కాబట్టి ‘రెండు దేశాలూ కలిసి మునుపటికన్నా ఎక్కువ పొందగలవు’ అన్న ఆప్షన్ నిలుస్తుంది, ‘రెండు దేశాల్లో ప్రతి కార్మికుడూ బాగుపడతాడు’ అన్నది నిలవదు. చేసిన పని ఒకటే: ఒక్కో ఆప్షన్‌కు ఆ ‘కు’ తగిలించి, అది ప్యాసేజీలో ఉందో లేదో వెతకడం.

రికార్డోకు మాత్రం ఎవరికి గిట్టుతుందో బాగా తెలుసు. ఆ పుస్తకం వెనకున్న అసలు గొడవ సారా గురించి కాదు, గోధుమల గురించి. 1815 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో క్వార్టర్ (అప్పటి ధాన్యపు కొలత) గోధుమ 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమ అమ్మడానికి వీల్లేదు. అది భూస్వాములకు గిట్టింది, ఎందుకంటే గింజ ప్రియమైనకొద్దీ కౌలు పెరుగుతుంది. రొట్టె కొనుక్కుతినే కూలివాడికీ, ఆ రొట్టెకు సరిపడా కూలి ఇవ్వాల్సిన మిల్లు యజమానికీ గిట్టలేదు. స్టాక్ మార్కెట్లో గడించిన డబ్బుతో రికార్డో 1814లోనే గ్లాస్టర్‌షైర్‌లో గ్యాట్‌కోంబ్ పార్క్ ఎస్టేటు కొని భూస్వామి అయ్యాడు. ఆ చట్టం పుణ్యమా అని పెరిగే కౌళ్లలో ఆయనకూ వాటా ఉంది. అయినా 1819లో పార్లమెంటుకు వెళ్లి ఆ చట్టానికి ఎదురుగానే మాట్లాడాడు. 1823లో పోయేనాటికి చట్టం ఇంకా పోలేదు. విదేశీ గోధుమను అడ్డుకునే చట్టాల్ని తీసేసింది 1846లో.